మర్నాటికి ట్రయల్

చెల్లీ, నా తల్లీ,

నువ్వూ, మరిదిగారూ, పిల్లా చల్లగా ఉండాలని రోజూ అడిగినట్టే ఇవాళా అడిగి, ఆ తర్వాతే ఈ కాగితం ముందు కూర్చున్నాను. ఫోన్ చేయక ఉత్తరమేమిటని అనుకుంటావు. ఈ ఇంట్లో ఏ మూల మాట్లాడినా మన తమ్ముడు చిన్నోడికి వినపడుతుంది. విన్నది విన్నట్టు, నా గొంతుతో, నా దగ్గుతో సహా ఎవరి ముందైనా అప్పజెప్పేస్తాడు. పెరటి అవతల మేడమీదుండే డ్రైవరు బాబాయికి చెవుడు ముదిరిందని నేను నీతో అన్న మాట వాడు తీసుకెళ్ళి ఆయన ముందే అన్నాడు, గుర్తుందా? ఆయన "ఆఁ? ఏమన్నావు?" అన్నాడు కాబట్టి నా పరువు దక్కింది.

చెప్పవలసినవి రెండు సంగతులు. నా గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదట. ఇక వాయిదా వేయొద్దు, ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఎక్కువమంది బాగానే లేచి తిరుగుతారన్నారు డాక్టరు. "ఎక్కువమంది" అన్న మాట దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

రెండోది, నువ్వు చూసిపెట్టిన వసతి గృహానికి సరే అన్నాను. వచ్చే నెలలో చిన్నోణ్ణి చేర్చుకుంటారు. నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళకే అని కాదు. ఇక అక్కడే. నువ్వు చెప్పింది నిజమే, నేను ఎల్లకాలం ఉండను. సరే అన్నాక మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. బరువెక్కిందా అంటే అదీ కాదు. ఏమైందో నాకే తెలియడం లేదు.

వాడికి ఇంకా చెప్పలేదు. మన అమ్మ పద్ధతి నీకు తెలుసు. వాడికి మీసాలు వచ్చేదాకా ఆటిజం అన్న మాట మనకెవరూ చెప్పలేదు. అందరూ మొండి అనేవారు, అమ్మ మాత్రం "వీడి కొలత వేరు" అనేది. కుట్టేదానికి తట్టే మాట. కొత్త చొక్కాకి ట్రయల్ వేసినట్టే కొత్త పనికల్లా వాడికి ట్రయల్ వేసేది. క్షవరానికి ముందు మూసి ఉన్న మంగలి దుకాణంలో కుర్చీ ఎక్కించి గాలిలో కత్తెర ఆడించమనేది. ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం వచ్చినప్పుడు మెషీన్లు ఆపి ఉన్న ఆదివారం నేనే తీసుకెళ్ళాను. వాడు చల్లని ఇస్త్రీ మెషీన్ మీద చేయి వేసుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఇప్పుడు వాడు మడిచిన దుప్పట్లంటే అక్కడి సూపర్‌వైజర్‌కి ప్రాణం.

ట్రయల్ అని వాడికి చెప్పులు వేసుకున్నాకే చెప్తాను. ముందే చెప్తే ఆ రోజు దాకా బెంగ. మధ్యలో భయమేస్తే "చాలు" అంటాడు, అంతటితో ఆపేస్తాం. ఎందుకని ఎవరూ అడగకూడదు. ఆఖరున మాత్రం అడుగుతాం, ఎక్కడ బిగుతుగా ఉంది అని. ఈ వసతి గృహానికీ ఒక ట్రయల్ వేయాలి కదా. ఇల్లు వదిలేయడానికి ట్రయల్ ఎలా వేస్తారో నాకు తోచడం లేదు.

ఇంకొకటి. పోయిన వారం మనలాంటి కుటుంబాల సంఘం పంపిందని ఒక అమ్మాయి వచ్చింది. పరిశోధన చేస్తోందట, తల్లీతండ్రీ పోయాక తోబుట్టువుల దగ్గర ఉండే ఆటిస్టిక్ మనుషుల గురించి. కూర్చుంటూనే "నేనూ ఆటిస్టిక్‌నే అండీ. మీ మొహం చూడకపోతే ఏమీ అనుకోకండి, వింటూనే ఉంటాను" అంది. ఏమనాలో తెలియక కాఫీ ఇచ్చాను. వాసన పడదంది. మంచినీళ్ళిచ్చాను. చిన్నోడు గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి మెడలోని హెడ్‌ఫోన్లు చూస్తుంటే తీసి చేతికిచ్చింది. వాడు పెట్టుకుని, "బిగుతు" అని తిరిగిచ్చేసి పెరట్లోకి పోయాడు. అంతే, ఇద్దరికీ స్నేహం కుదిరినట్టే ఉంది.

ఆ అమ్మాయి అడిగింది, మీకు అన్నిటికంటే ఎక్కువ భయం దేనికి అని. నేను ఎవరితోనూ అనని మాట నోటికొచ్చేసింది. "నేను పోయిన మర్నాడు పొద్దున్న వీడు లేచి ఏం చేస్తాడో. అదే భయం" అన్నాను. గొంతు కూడా నా మాట వినలేదు. ఆ అమ్మాయి "ఈ ప్రశ్న ఆయన్ని కూడా అడగొచ్చా?" అంది. "వద్దమ్మా, వాడికి పట్టదు" అన్నాను.

ఇవాళ పొద్దున్న ప్రార్థనకి వెళ్తే కిటికీ దగ్గర నా కుర్చీ లేదు. ఇల్లంతా వెతికాను. "మేడమీద పెట్టాను" అన్నాడు చిన్నోడు, బ్రెడ్డు నములుతూ. ఎందుకురా అన్నాను. "కిటికీ అక్కడుంది" అన్నాడు. కిటికీ ఇక్కడా ఉంది కదరా అంటే, ఉంది అని ఒప్పుకుని లాండ్రీకి వెళ్ళిపోయాడు. నిలబడే ప్రార్థన చేసుకున్నాను. కుర్చీ లేకపోతే దేవుడు వినడా అని నీలా ఎవరైనా నవ్వొచ్చు. నాకేమో దారి తప్పినట్టుంది.

నీ
పెద్దక్క

*

బంగారూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆపరేషన్‌కి భయపడొద్దని నువ్వు రాసిన వాక్యంలో నీ చేతిరాత వణికింది. సరే, ఇద్దరం భయపడదాం.

"వాడంటే నాకు ప్రేమే అక్కా, కానీ వాడితో ఒక గదిలో ఉంటే ఏం చేయాలో తెలియదు" అని రాశావు. తెలుసమ్మా. వచ్చినప్పుడల్లా బ్యాగు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంటావు. నేను ఎప్పుడైనా ఏమైనా అన్నానా? ఇప్పుడూ అనను. నాకే వాడు అర్థం కాకుండా పోతున్నాడు, నిన్నేమని అంటాను.

కుర్చీతో ఆగలేదు. మొన్న నేను, ఒకావిడ పొడుగు తగ్గించమని ఇచ్చిన కోటు అంచు విప్పుతుంటే ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "అక్కా, నిద్ర లేవగానే మొదట ఏం ముట్టుకుంటావు?" అన్నాడు. ఆలోచిస్తే కళ్ళజోడు. చెప్పాను. "తర్వాత?" స్టవ్ మీట. "పాలు పొంగుతాయని ఎలా తెలుస్తుంది?" అంచు దగ్గర చిన్న చిన్న బుడగలొస్తాయిరా అన్నాను. "ఎన్ని?" అన్నాడు. లెక్కపెట్టలేదంటే, ఇన్నేళ్ళూ ఏం చేశావన్నట్టు చూశాడు. మర్నాడు మళ్ళీ ప్రశ్నలు. గ్యాస్ మనిషి వస్తే ఏమంటావు, చీకటి పడ్డాక తలుపు ఎవరు వేస్తారు, ప్రార్థనలో ఎవరి పేరు ముందు. ఇన్నేళ్ళలో వాడు నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు. నాకు సంతోషం వేయవలసింది కదా? వేయలేదు. నన్నెవరో కొలుస్తున్నట్టుంది.

నాలుగు రోజుల నుంచి మరో వింత. పొద్దున్న నేను వంటింట్లో ఉంటే వచ్చి, నా పక్కనుంచే చేయి చాచి గిన్నె తీసుకుంటాడు. పలకరిస్తే పలకడు. కాఫీ కలిపి ఇస్తే అందుకోడు, కప్పు గాలిలోనే ఉండిపోతుంది. నేనొక స్తంభం అన్నట్టు చుట్టూ తిరిగి వెళ్తాడు. లాండ్రీ నుంచి వచ్చాక మాత్రం మామూలే. "అక్కా, ఇవాళ దుప్పట్లు వేడిగా ఉన్నాయి" అంటాడు. పొద్దున్న నేను లేను, సాయంత్రం ఉన్నాను. ఏమిటిది?

డ్రైవరు బాబాయిని అడిగాను. వీడు రోజూ పైకి వెళ్తున్నాడు మరి. ఆయన గోడకేసి చూస్తూ "నన్నడక్కు అమ్మాయ్, మాటిచ్చాను. ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపాను, ఎవరికిచ్చిన మాటా మధ్యలో దింపలేదు" అన్నాడు. ఏ మాట, ఎవరికి అంటే, సమయానికి చెవుడొచ్చింది.

వసతి గృహం సంగతి వాడికి తెలిసిపోయిందేమో అనిపిస్తోంది. ఆ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను పెరట్లోకి వెళ్ళే మాట్లాడాను. అయినా చెప్పలేం. తెలిసి, కోపం వచ్చి, ఇలా ఉన్నాడా? కానీ చెల్లీ, కోపాన్ని దాచుకోవడం వాడికెప్పుడు చేతనయింది? కోపమొస్తే తలుపు చప్పుడు వీధి చివరికి వినపడేది కదా.

ఇవాళ ఉండబట్టలేక వాడి ముందు నిలబడ్డాను. "చిన్నోడా, నేను పిలుస్తుంటే పలకవెందుకురా?" అన్నాను. అప్పుడూ నన్ను చూడలేదు. పాలగిన్నె అంచునే చూస్తూ, చాలా మామూలుగా అన్నాడు.

"నువ్వు లేవు కదా."

స్టవ్ చిన్నది చేసి ముందు గదిలోకి వచ్చి కుట్టుమెషీన్ ముందు కూర్చున్నాను. దారం ఎక్కించబోతే సూది కన్ను కనపడలేదు. దేవుణ్ణి ఏమడగాలో కూడా తెలియక ఊరికే నీ పేరు, వాడి పేరు అనుకుంటూ కూర్చున్నాను.

అక్క

*

చెల్లీ,

చిన్న ఉత్తరం.

సాయంత్రం కోటు ఇచ్చిన ఆవిడ పనికి గుండీలు కొనుక్కుని వచ్చేసరికి గుమ్మం పక్కన నా బ్యాగు ఉంది. తెరిచి చూశాను. నా బట్టలు, వాడు మడిచినవే, లాండ్రీలో మడిచినట్టు అంచుకి అంచు. నా మాత్రలు. నా ప్రార్థన పుస్తకం. చలికోటు కూడా. ఏమీ మరిచిపోలేదు.

"ఏమిట్రా ఇది?"

"రేపు శనివారం. నాకు సెలవు. నువ్వు పొద్దున్నే మేడమీదికి వెళ్ళిపోవాలి."

"ఎందుకు?"

"నువ్వు ఉంటే అవ్వదు."

ఏది అవ్వదో చెప్పలేదు. భోజనం చేసి పళ్ళెం కడుక్కున్నాడు. నా పళ్ళెం బీరువా పైన, వెనక్కి పెట్టేశాడు. నేను వేరే పళ్ళెంలో తిన్నాను.

నేను వాణ్ణి పంపాలని చూస్తుంటే వాడు నన్ను పంపేస్తున్నాడు. నవ్వాలా ఏడవాలా చెప్పు. ఒకటి మాత్రం తోస్తోంది. నేను లేకపోతే వీడేమైపోతాడో అని నేను బెంగపడుతుంటే, నేను లేకపోవడమే వీడికి కావాలేమో. అది తప్పా? పెద్దవాడు, వాడికీ విసుగుంటుంది కదా. కానీ లోపల ఏదో చిరిగింది, ఏ గుడ్డో పోల్చుకోలేను.

వాదించే ఓపిక లేదు. రేపు పైకి వెళ్తాను. సోమవారం వసతి గృహానికి ఫోన్ చేసి, వచ్చే నెల దాకా ఎందుకు, ఈ వారమే తీసుకెళ్ళండి అంటాను. మా ఇద్దరికీ అదే మంచిదేమో.

నా కోసం కాస్త ప్రార్థించు. నాకు మాటలు రావడం లేదు.

పెద్దక్క

*

నా చెల్లికి, ఈసారి చాలా మాటలతో,

పోయిన ఉత్తరం చదివి కంగారుపడి ఉంటావు. ముందే చెప్తున్నాను, అందరం బాగున్నాం. నేను బతికే ఉన్నాను. ఈ మాట ఎందుకు రాశానో చదివితే తెలుస్తుంది.

శనివారం పొద్దున్నే బ్యాగు పట్టుకుని గుమ్మంలో చెప్పులు వేసుకున్నాను. చిన్నోడు వంగి నా పాదాలకేసి చూశాడు, రెండూ సరిగ్గా వేసుకున్నానో లేదో అని. అప్పుడు నిలబడి, "ఇప్పుడు చెప్తాను. ఇది ట్రయల్" అన్నాడు.

నేను బుర్ర తక్కువదానిలా, "ట్రయలా? నీకా?" అన్నాను.

"కాదు. నీకు. మర్నాడు పొద్దున్న. భయమేస్తే చాలు అనొచ్చు." అని తలుపు వేసేశాడు.

మెట్లెక్కుతుంటే కూడా నాకు అందలేదమ్మా. జీవితమంతా ట్రయల్ వేసినదాన్ని, నాకు వేస్తే గుర్తుపట్టలేకపోయాను. ఎప్పుడూ అవతలి వైపు నిలబడ్డాను, ఇటునుంచి ఎలా ఉంటుందో నాకేం తెలుసు.

పైన డ్రైవరు బాబాయి వెనక గదిలో, కిటికీకి ఆనించి నా కుర్చీ. అక్కడ కూర్చుంటే పెరడు దాటి మన వంటిల్లు, ముందు గదిలో మెషీన్, సగం గుమ్మం కనపడతాయి. కింద కిటికీలన్నీ బార్లా తీసి ఉన్నాయి. "ఇక్కడ కూర్చోవాలట. మాట్లాడకూడదట. సాయం చేయకూడదట. వారం పట్టింది కుర్చీ ఎటు తిప్పితే మొత్తం కనపడుతుందో చూడ్డానికి. నా నడుం విరిగింది" అని గుసగుసగా చెప్పాననుకున్నాడు ఆయన. వీధంతా వినపడి ఉంటుంది. అప్పుడు అర్థమైంది. నేను పోయిన మర్నాడు. ఆ అమ్మాయితో నేనన్న మాట. పెరట్లో నుంచి విన్నాడు.

నేను లేని పొద్దున్నని నేను కూర్చుని చూశాను చెల్లీ. అది ఎలా ఉంటుందని అడిగితే చెప్పలేను. భయమా, సిగ్గా, ఏదీ సరిపోదు.

వాడు లేచాడు. ఒక్క కప్పు తీశాడు. నా కళ్ళజోడు పెట్టే చోట ఒకసారి చేయి వేసి, తీసేశాడు. పాలు పెట్టి బుడగల కోసం వంగి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. నీకు తెలుసుగా వాడికి ఆ చప్పుడు. పాలు పొంగాయి, ఫోన్ మోగుతోంది, వాడు స్టవ్ ఆపేసి చెవులు మూసుకుని కుట్టుమెషీన్ కిందికి దూరాడు. మోకాళ్ళు కడుపులో పెట్టుకుని ఊగుతున్నాడు. నేను లేచి నిలబడ్డాను. "చాలు" నాలుక మీదే ఉంది.

"అనేస్తావా? అనొచ్చట. ఎందుకని నేను అడగకూడదట" అన్నాడు బాబాయి, తన చేతులు తనే నలుపుకుంటూ.

వాడు స్టవ్ ఆపాకే కిందికి దూరాడు. అది చూశాను కదా అనుకుని మళ్ళీ కూర్చున్నాను. ఎంతసేపో. నా గుండె మీద చేయి వేసుకున్నాను, ఆ కవాటం కాస్త మూసుకో తల్లీ అని. తర్వాత వాడు బయటికి వచ్చాడు. స్టవ్ తుడిచాడు. పాలు లేని కాఫీ తాగి, మొహం చిట్లించి, మొత్తం తాగాడు.

అసలు కథ అప్పుడు మొదలైంది. కోటు ఇచ్చిన ఆవిడ వచ్చి బెల్లు కొట్టింది. వాడు తలుపు తీశాడు.

"అక్క లేదా బాబూ?"

"అక్క చనిపోయింది. కోటు ఇవ్వడం కుదరదు."

ఆవిడ పెట్టిన కేకకి పక్కింటి వాళ్ళు కూడా బయటికొచ్చారు. "అయ్యయ్యో, ఎప్పుడు బాబూ?" అంటే "నిన్న" అన్నాడు. మర్నాడు కదా మరి. ఆవిడ గుమ్మంలోనే కూలబడి "ఎంత మంచి మనిషి, నోట్లోంచి మాట వచ్చేది కాదు" అని ఏడుస్తూ, మధ్యలో "కోటు పొడుగు తగ్గించిందా లేదా పాపం" అంది. నేను పైన నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మాట్లాడకూడదు కదా. బాబాయి ఆగలేక మెట్ల మీద నుంచే అరిచాడు, "ఏడవకమ్మా! పోలేదు! పైనుంచి అంతా చూస్తోంది!" దాంతో ఆవిడ ఏడుపు రెండింతలైంది. చివరికి ఆయన ఆవిణ్ణి పైకి లాక్కొచ్చి నన్ను చూపించాడు. నన్ను చూసి ఆవిడ మంచినీళ్ళు అడిగింది. తర్వాత కోటు అడిగింది. సోమవారం రమ్మన్నాను, చేత్తో సైగ చేసి.

అంతా సద్దుమణిగాక కిందికి చూస్తే చిన్నోడు నా కిటికీ దగ్గర, నా కుర్చీ ఉండే ఖాళీలో, నిలబడి ఉన్నాడు. కిటికీ తీసే ఉంది. వాడు నా ప్రార్థన చెప్పడం మొదలుపెట్టాడు. నా గొంతుతో. నీ పేరు దగ్గర నేనాగే చోట ఆగాడు, మరిదిగారి పేరు తర్వాత నేను దగ్గే దగ్గు దగ్గాడు. ఇన్నేళ్ళూ నేను మనసులో అనుకుంటున్నాననుకున్నాను, పైకే అంటున్నానన్నమాట. ఆఖరున నేను రోజూ అనే మాట, "మా చిన్నోణ్ణి చల్లగా చూడు" అనేది, వస్తుందని చూస్తున్నాను. అక్కడ ఆగాడు. తర్వాత నా గొంతు వదిలేసి తన గొంతుతో, "అక్కని చల్లగా చూడు" అన్నాడు.

బాబాయి ఆ గదిలో నుంచి వెళ్ళిపోయాడు, ఏదో పని ఉన్నట్టు.

మధ్యాహ్నం వాడు పైకి వచ్చాడు. జేబులో నేను బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క. "అయిపోయింది. నువ్వు చాలు అనలేదు" అన్నాడు. తర్వాత, అమ్మ అడిగినట్టే, "ఎక్కడ బిగుతుగా ఉంది?" అన్నాడు.

"ఫోన్ దగ్గర" అన్నాను. "కోటు దగ్గర."

తల ఊపి కిందికి వెళ్ళి ఫోన్ బల్ల మీద సుద్దతో గీత గీశాడు. గుమ్మం మీద ఒకటి. నేను వెనకే వెళ్ళి అడిగాను, నాకెందుకురా ట్రయల్, నువ్వు కదా ఇంట్లో ఉండాల్సింది అని.

"భయపడేవాళ్ళకి ట్రయల్. ఆ అమ్మాయి అడిగితే నీ గొంతు వణికింది. నాకు మర్నాడు భయం లేదు. నాకు ఫోన్ భయం."

"మరి రోజూ పొద్దున్న పలకరిస్తే పలకలేదేం?"

"అవి కొలతలు. కొలతలు తీయకుండా ట్రయల్ ఎలా వేస్తారు?"

ఇన్నాళ్ళూ నా మనసులో పెట్టుకున్నదంతా కాళ్ళ కింద దారప్పోగుల్లా పడి ఉంది, ఏది దేని ముక్కో తెలియదు.

ఆదివారం ఇద్దరం చెప్పులు వేసుకుని గుమ్మంలో కూర్చున్నాం. ఆపరేషన్ సంగతి చెప్పాను. వసతి గృహం సంగతీ చెప్పాను. ఆపరేషన్ గురించి ఒక్కటే అడిగాడు, ఆ ఆసుపత్రి దుప్పట్లు తను మడిచేవేనా అని. అవునన్నాను. "అయితే బాగుంటాయి" అన్నాడు. వసతి గృహం మాటకి ఒక చెప్పు విప్పి పక్కన పెట్టాడు. "నన్ను అడగలేదు" అన్నాడు ఆఖరికి. అడగలేదు చెల్లీ. ఆ పరిశోధన అమ్మాయి అడుగుతానంటే వద్దన్నదాన్ని. ఇప్పుడు ఆ అమ్మాయికి ఫోన్ చేసి రమ్మన్నాను. చిన్నోడు చెప్పేది చిన్నోడే చెప్తాడు. కాఫీ పెట్టనని కూడా చెప్పాను.

వసతి గృహానికి సోమవారం ఫోన్ చేశాను, ఇప్పుడు కాదని. వాడు ఒకసారి చూసి, ఎప్పుడైనా కావాలనుకుంటే అప్పుడు. ఇది ఒప్పో తప్పో నాకు తెలియదు, అడక్కు. పాలు పొంగాయి, ఫోన్‌కి మెషీన్ కింద దూరాడు, నన్ను నిన్ననే చంపేశాడు. అన్నీ చూశాను. ట్రయల్‌లో అన్నీ అతికినట్టు సరిపోతే అమ్మకి అనుమానం వచ్చేది. గీత గీసి, విప్పి, మళ్ళీ కుట్టాలి. ఫోన్ చప్పుడు తగ్గించాం, మోగితే లైటు వెలుగుతుంది. బట్టలవాళ్ళు వస్తే బాబాయి దిగి వస్తాడు, ఆవిడ ఏడుపు విన్నాక తనకే భయం పట్టుకుంది. నేను ఉంటాను, ఉండను. ఆ సంగతి ఇంకా పైవాడి చేతిలోనే ఉంది. కానీ మర్నాడు పొద్దున్న ఎలా ఉంటుందో చూసొచ్చాను. చూసొచ్చిన చోటికి వెళ్ళడం కాస్త తేలిక.

నేను ఆసుపత్రిలో ఉన్న రోజులకి నువ్వు రావాలి. వాడి కోసం కాదు, వాడితో ఉండడానికి. కాదనకు. చేతులకి సెంటు పూసుకోకు, మాట్లాడకుండా కూర్చోవలసి వస్తే కంగారుపడకు. ఈ మాటలు రాస్తుంటే వాడు పక్కన నిలబడి, తనూ రాస్తానన్నాడు. కింద రాసింది వాడే. నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

నీ పెద్దక్క

చిన్నక్కా. నువ్వు రా. చెప్పులు వేసుకున్నాకే ఈ ఉత్తరం చదవాల్సింది కానీ చదివేసి ఉంటావు. ఇది నీకు ట్రయల్. బ్యాగు ఒళ్ళోనే పెట్టుకోవచ్చు. భయమేస్తే చాలు అను. ఎందుకని నేను అడగను.